ఊహకు వెల

హైదరాబాదునుండి నాగార్జునసాగరునకు పోవు త్రోవలో సుమారు 30 కిలోమీటర్లు సాగినచో ఇబ్రహీంపట్నము వచ్చును. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోయుచున్న ఊరిది. ఆయన తెలుగు కవుల నాదరించిన ప్రభువు. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచి తమవానిగా చేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితము చేసెను. ఊరికి పెద్ద దిక్కైన పెద్దచెరువు కూడ ఆ కాలపుదే. ఆ చెరువుక్రింద పొలములు చేసికొని బ్రదికిన తల్లిదండ్రుల బిడ్డలకు గణితము చెప్పుచు నేను చాల యేండ్లు గడపితిని.

ఈ ఊరి చుట్టుప్రక్కల, మంగళ్‌పల్లిలో, శేరిగూడలో, 1990ల తరువాత ఇంజనీరింగు కళాశాలలు ఒకటొకటిగా వెలసినవి. వాని తలుపులు తెరచు ముఖ్యమైన తాళపుచెవి ఎంసెట్. 1986లో పుట్టిన ఈ ప్రవేశపరీక్షను ఎరుగని యిల్లు తెలుగునాట అరుదు. అందులో వ్యాసము లేదు, సిద్ధాంతనిరూపణము లేదు. ప్రశ్నక్రింద నాలుగు సమాధానము లుండును. ఒకటి నిజము, మూడు అబద్ధములు. నిజమును గుర్తించుటయే పని. మనవారు వీనిని బిట్లందురు. సమాధానము తెలియని బిట్టును విడిచిపెట్టవలెనా, ఏదో యొకటి ఊహించి పెట్టవలెనా? ఇదియే నేటి నా ప్రసంగ విషయము. వినుటకు చిన్న ప్రశ్నయే. కాని దీని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దీని బరువు ఒక విద్యార్థిని బ్రదుకుమీద పడుట నేను కన్నులార చూచితిని.

అది 2004వ సంవత్సరపు వేసవి. నాయొద్ద చదివిన ఒక అమ్మాయి ఎంసెట్ వ్రాయబోవుచుండెను. తండ్రి చెరువుక్రింద రెండెకరములు కౌలుకు చేయువాడు. ఆ యింట ఇంటర్మీడియెట్ వరకు వచ్చిన మొదటి మనిషి ఆమెయే. పరీక్షకు ముందునాడు ఆమె నాయొద్దకు వచ్చి, సెలవు తీసికొనుచు, ఏమైన చెప్పుమని యడిగెను. నేనన్నాను: "తెలిసినది వ్రాయుము బిడ్డా. తెలియనిది ముట్టవద్దు. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయుట అబద్ధమాడుటతో సమానము." నా గురువులు నాకు చెప్పిన మాటయే అది. నేనది గొప్ప నీతియని యెంచి ఆమెచేతిలో పెట్టితిని.

మరునాటి సాయంకాలము ఆమె వచ్చెను. "ఎట్ల రాసినవు బిడ్డా?" అని యడిగితిని. "మంచిగనే రాసిన సార్. తెల్వని బిట్లు ఇరవై ఎన్మిది ఉండె. ఒక్కటి గూడ ముట్టలే. మీరు చెప్పిండ్రు గద" అని నవ్వినది. ప్రక్కనే నగరములో కోచింగు తీసికొన్న మరియొక విద్యార్థి యుండెను. "నేనైతే ఒక్కటి ఇడువలే సార్. ఆఖరి ఐదు నిమిషాల్ల అన్నీ దిద్దేసిన" అని వాడు చెప్పెను. ఆ క్షణమున నేను వానిని కొంచెము చులకనగా చూచితిని, ఆమెను మెచ్చుకొంటిని.

ఫలితములు వచ్చినవి. ఇంటినుండి దినదినము పోయిరాదగిన కళాశాలలో ఆమె కోరిన శాఖ కొద్దిపాటి రాంకుల తేడాతో తప్పిపోయెను. దూరపు ఊరిలో సీటు వచ్చెను. హాస్టలు ఖర్చు తండ్రి భరింపలేకపోయెను. ఆమె సాధారణ డిగ్రీలో చేరెను. అప్పుడు నేను తొలిసారిగా ఆ పరీక్ష నియమపత్రమును తెచ్చి చదివితిని. తప్పు సమాధానమునకు మార్కుల కోత అందులో లేదు. గణితము బోధించువాడనై యుండియు, పరీక్షకు ముందు ఆ పత్రమును చదువవలెనన్న బుద్ధి నాకు పుట్టలేదు.

లెక్క మిక్కిలి సులభమైనది. నాలుగు సమాధానములలో ఒకదానిని కన్నులు మూసికొని గుర్తించినను నాలుగింట ఒకసారి అది ఒప్పగును. 28 ప్రశ్నలకట్లు చేసినచో సగటున 7 మార్కులు వచ్చును. ఒకరికి 5 రావచ్చును, మరియొకరికి 9 రావచ్చును. ఒక్క మార్కును రాకుండుటకు అవకాశము మూడువేలలో ఒక్కటికన్న తక్కువ. కోత లేదు గనుక పోవునది యేమియు లేదు. లక్షలాది విద్యార్థులు పోటీపడు పరీక్షలో ఏడు మార్కులు వేల రాంకుల తేడా. నా నీతిబోధకు ఆ బిడ్డ చెల్లించిన వెల అది.

అట్లైన నా గురువుల మాట తప్పా? కాదు. వారి పరీక్షకు అది సరియైన మాటయే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినవి. ఆ కాలపు పరీక్షలలో విద్యార్థి తెల్లకాగితముమీద తన మాటలతో సమాధానము వ్రాయవలెను. తెలియనివాడు ఏదో కల్పించి వ్రాసినచో పరీక్షకుడు చదువగనే గ్రహించును. అక్కడ గుడ్డి ఊహకు ఫలము శూన్యము. పైగా తెలిసినదానిని వ్రాయవలసిన కాలము వ్యర్థమగును. తెలియనిది విడిచిపెట్టుమనుట అక్కడ నీతియును, యుక్తియును కూడ. కాలము గడచెను, పరీక్ష మారెను. మాట మాత్రము మారక నావంటివారి నోట నిలిచిపోయెను.

పరీక్ష ఎట్లు మారెనో తెలియుటకు మనము కొంచెము దూరము పోవలెను. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రములో ఫ్రెడరిక్ కెల్లీ అను విద్యావేత్త యుండెను. ఒకే సమాధానపత్రమునకు ఒక ఉపాధ్యాయుడు ఎక్కువ మార్కులును, మరియొకడు తక్కువ మార్కులును వేయుట ఆయనను కలవరపెట్టెను. దిద్దువాని అభిరుచికి తావులేని పరీక్ష కావలెనని తలచి, 1914-15 ప్రాంతమున పిల్లల మౌనపఠనశక్తిని కొలుచు ఒక పరీక్షను సిద్ధపరచెను. అందులో ఒక ప్రశ్న యిట్టిది: ఆవు, పులి, ఎలుక, తోడేలు అను నాలుగు పేర్లలో సేద్యగానికి ఉపయోగపడు జంతువు చుట్టు గీత గీయవలెను. మన ఇబ్రహీంపట్నపు బిడ్డకిచ్చినను తడుముకొనకుండ ఆవు చుట్టు గీత గీయును. ఎవరు దిద్దినను మార్కు ఒక్కటే. ఇది గొప్ప న్యాయము. కాని దీనితోనే ఒక చిక్కును పుట్టెను. అక్షరమైన రాని పిల్లవాడు ఏదో యొక పేరు చుట్టు గీత గీసినను, నాలుగింట ఒకసారి వానికిని మార్కు వచ్చును. బిట్టును ఊహయు కవలపిల్లలు.

ఈ చిక్కును పెద్దలు వెంటనే కనిపెట్టిరి. 1917లో అమెరికా ప్రపంచయుద్ధమున దిగినప్పుడు, రాబర్ట్ యెర్కీస్ అను మనోవిజ్ఞాని నాయకత్వమున సైనికుల బుద్ధిని కొలుచుటకు పరీక్షలు సిద్ధమైనవి. సుమారు 17 లక్షల మందికి వానిని పెట్టిరి. రెండే వికల్పములున్న భాగములలో ఒప్పుల సంఖ్యనుండి తప్పుల సంఖ్యను తీసివేసిరి. ఎందుకనగా, బొమ్మా బొరుసా యని నాణెము వేసి వ్రాసినవానికి సగము ఒప్పులు, సగము తప్పులు వచ్చును. తీసివేసినచో మిగులునది సున్న. ఇదే న్యాయము నాలుగు వికల్పములకు అన్వయించినచో, ఒక్కొక్క తప్పునకు మూడవవంతు మార్కు కోయవలెను. గుడ్డిగా నాలుగు వ్రాసినవానికి ఒకటి ఒప్పై ఒక మార్కు వచ్చును, మూడు తప్పులై ఒక మార్కు పోవును. లాభమును లేదు, నష్టమును లేదు. అయిదు వికల్పములైనచో కోత నాలుగవవంతు. మన విద్యార్థులు నెగెటివ్ మార్కులని భయపడునది ఈ సూత్రమునకే. ఇది శిక్షగా పుట్టినది కాదు. ఊహవలన వచ్చు లాభమును సరిగా సున్నచేయుటకు కట్టిన వెల.

పిమ్మట యంత్రము వచ్చెను. మిచిగన్ రాష్ట్రములో రెనాల్డ్ జాన్సన్ అను బడిపంతులు, పెన్సిలు గీతలోని నల్లసీసము విద్యుత్తును ప్రవహింపజేయునను సంగతిని పట్టుకొని, సమాధానపత్రములను తనంత తాను దిద్దు యంత్రమును కల్పించెను. చిన్ననాడు తుంటరిగా మోటారుకార్ల స్పార్కుప్లగ్గులపై పెన్సిలు గీతలు గీసి, బండ్లు కదలకుండ చేసిన ఆటనుండియే ఆయనకీ యూహ కలిగినదని చెప్పుదురు. ఐ.బి.ఎం. సంస్థ 1938లో దానిని అంగడికి తెచ్చెను. గంటలు పట్టుపని నిమిషములలో ముగియజొచ్చెను. ఆ వంశమునుండియే తరువాత కాంతితో చదువు యంత్రములును, మన ఓ.ఎం.ఆర్. పత్రములును వచ్చినవి. లక్షలమందికి ఒక్కనాడే పరీక్ష పెట్టి, కొద్దిదినములలో రాంకులు ప్రకటింపగలుగుట ఈ యంత్రమహిమయే. ఎంసెట్ అను మాట దానివలననే సాధ్యమైనది.

మన దేశమున కొఠారీ సంఘపు సిఫారసులను అనుసరించి 1979లో సివిల్ సర్వీసులకు బిట్లతోకూడిన ప్రిలిమినరీ పరీక్ష మొదలయ్యెను. ఇప్పుడందు తప్పునకు మూడవవంతు కోత కలదు. దేశవ్యాప్తమైన జేఈఈ మెయిన్, నీట్ పరీక్షల బిట్లలో ఒప్పునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. తెలంగాణలో 2024నుండి ఈఏపీసెట్ అను పేరుపొందిన మన పాత ఎంసెట్‌లో కోత లేదు. 2024 జూన్ 9న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలుండెను. అందును కోత లేదు. కాని ఆంధ్రప్రదేశపు గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో మూడవవంతు కోత కలదు. అనగా ఒకే తెలుగు యువకుడు కొద్ది నెలలలో మూడు పరీక్షలు వ్రాసినచో, ఊహకు మూడుచోట్ల మూడు వెలలు. ఒకచోట యుక్తియైనది మరియొకచోట నష్టము కావచ్చును. కావున ఊహింపవలెనా, వలదా యని అడుగుట సగము ప్రశ్నయే. ఏ పరీక్షలో, ఎంత తెలిసి, అని అడిగినప్పుడే అది పూర్ణమగును.

ఆ లెక్క చూతము. కోత లేని పరీక్షలో విడిచిన ప్రతి బిట్టును పావుమార్కు నష్టము. అక్కడ ఖాళీ ఉంచుట యుక్తి కాదు. మూడవవంతు కోతగల పరీక్షలో గుడ్డి ఊహ విలువ సున్న. కాని ఒక వికల్పము నిశ్చయముగా తప్పని తొలగింపగలిగినచో, మిగిలిన మూడింటిలో ఊహించుటకు ప్రశ్నయొక్కింటికి సగటున తొమ్మిదవవంతు మార్కు లాభము. రెండింటిని తొలగింపగలిగినచో మూడవవంతు మార్కు లాభము. నాలుగు మార్కులకు ఒకటి కోయు పరీక్షలో గుడ్డి ఊహకే పావుమార్కు మిగులును. రెండు వికల్పములు తొలగించినవానికి సగటున ఒకటిన్నర మార్కు మిగులును. నెగెటివ్ మార్కులను పేరు విని, సగము తెలిసిన బిట్లను కూడ విడిచిపెట్టు బిడ్డలు లేనిపోని భయమునకు వెల చెల్లించుచున్నారు.

అట్లని గుడ్డి ఊహను నెత్తిన పెట్టుకొనరాదు. దానికిని హద్దు కలదు. ఈఏపీసెట్ ఇంజనీరింగు విభాగములో 160 ప్రశ్నలు. ఏమియు చదువక అన్నిటికిని గుడ్డిగా వ్రాసినవానికి సగటున 40 మార్కులు వచ్చును. ఆశ్చర్యమేమనగా, సాధారణాభ్యర్థికి అర్హతగా నిర్ణయించిన మార్కులు నూటికి 25, అనగా సరిగా ఆ 40యే. పుస్తకము తెరువనివారు వేయిమంది వ్రాసినచో వారిలో సగమునకు కొంచెము పైగా అర్హులగుదురు! అర్హత వేరు, సీటు వేరు అను సంగతి ఇక్కడనే తెలియును. అదే గుడ్డివానికి 80 మార్కులు వచ్చునా? కోట్లమందిలో ఒక్కరికైన రావు. అదృష్టము గడప దాకనే తోడు వచ్చును; లోపలికి నడిపించునది చదువే.

విద్యార్థిలోకమున ఊహకు కొన్ని నాటుమందులు ప్రచారములో నున్నవి. తెలియనప్పుడు 'సి' పెట్టుమని ఒకరు, పొడవైన సమాధానమే ఒప్పని ఒకరు, వరుసగా మూడు 'బి'లు వచ్చినచో నాలుగవది 'బి' కాదని ఒకరు చెప్పుచుందురు. వీనిలో మొదటిదానికి ఒకప్పుడు కొంచెము ఆధారము లేకపోలేదు. యిగాల్ అటాలి, మాయా బార్-హిలెల్ అను ఇద్దరు పరిశోధకులు 2003లో ప్రకటించిన వ్యాసములో, మనుష్యులు ప్రశ్న తయారుచేయునప్పుడు ఒప్పు సమాధానమును మధ్యలో దాచుదురనియు, ఊహించువారు కూడ మధ్యనే వెదకుదురనియు చూపిరి. దాచువాడును వెదకువాడును ఒకే మనస్తత్వము గలవారన్నమాట. కాని పెద్ద పరీక్షలలో సమాధానముల స్థానములను సమముగా పంచుటయు, తారుమారు చేయుటయు కలదు. తెలంగాణ ఎంసెట్ 2018లో కంప్యూటరుమీదికి మారిన తరువాత ఆ పని మరింత సులభమైనది. తారుమారైన చోట 'సి' అను అక్షరమునకు ఏ మహిమయు లేదు. వరుస మూడు 'బి'లు చూచి భయపడి, తెలిసిన సమాధానమును మార్చుకొన్న బిడ్డలను నేనెరుగుదును. అచ్చుబొమ్మలకు గతము జ్ఞాపకముండదు.

మరియొక నమ్మకము, తొలుత తోచినదే ఒప్పు, మార్చరాదు అనునది. జస్టిన్ క్రూగర్ అను పరిశోధకుడు తన సహచరులతో కూడి 2005లో విద్యార్థుల సమాధానపత్రములలోని చెరిపివేతలను లెక్కించి చూచెను. తప్పునుండి ఒప్పునకు మారినవే ఎక్కువగా నుండెను. మరి ఆ నమ్మక మెందుకు నిలిచినది? ఒప్పును చేజేతుల తప్పుగా మార్చుకొన్న బాధ చిరకాలము మనస్సులో ములుకై నిలుచును. తప్పును దిద్దుకొన్న సంతోషము మరునాటికే మరపున పడును. కారణము కనబడినప్పుడు మార్చవలెను. కేవలము గుండెదడచేత మార్చరాదు.

ఇక నిజమైన ఉపాయము ఒక్కటే: తప్పులను తొలగించుట. ఒక ఉదాహరణము చెప్పెదను. ఎత్తునుండి పడిన రాయి నేల తాకునప్పటి వేగమెంత యని ప్రశ్న. గురుత్వ త్వరణము g, ఎత్తు h. నాలుగు వికల్పములు: 2gh యొక్క వర్గమూలము, 2gh, g ను h వర్గముచే గుణించిన ఫలము, h ను g చే భాగించిన దాని వర్గమూలము. సూత్రము మరచిన విద్యార్థి కూడ కొలతలు చూడవచ్చును. రెండవది వేగపు వర్గము, నాలుగవది కాలము, మూడవదానికి వేగముతో పొంతనయే లేదు. మిగిలినది మొదటిది. మూడు అబద్ధములను ఓడించి నిజమును పట్టుకొన్న ఈ బిడ్డ ఊహించినట్లా, తెలిసికొన్నట్లా? తెలిసికొన్నట్లే యని నా అభిప్రాయము. సమీకరణమునకు మూలములడిగినచో వికల్పములను ప్రతిక్షేపించి చూచుట, సమాధానము ధనమో ఋణమో తేల్చుకొనుట, పరిమాణము నూరులలో నుండవలెనా వేలలో నుండవలెనా యని అంచనా వేయుట, ఇవన్నియు శాస్త్రజ్ఞులు దినదినము చేయు పనులే.

ఇట్టి ఊహకు మన సాహిత్యమున గౌరవస్థానము కలదు. భారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానము మీరెరిగినదే. జూదమున సర్వస్వము కోల్పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలుచుండెను. దారిలో ఒక తాండ్రచెట్టును చూచి ఋతుపర్ణుడు, దాని ఆకులెన్నియో, కాయలెన్నియో చెప్పెను. నలుడు నమ్మక, రథమాపి, లెక్కపెట్టి చూడగా సంఖ్య సరిపోయెను. ఆ విద్యతోపాటు అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును, ఋతుపర్ణుడు నలునకుపదేశించెను. నలుడు మారుగా అశ్వహృదయము నిచ్చెను. పూర్వకాలమున పాచికలుగా వాడినవి ఆ తాండ్రకాయలే యని తలచినప్పుడు ఈ కథ మరింత రుచించును. గుడ్డిగా ఆడినప్పుడు రాజ్యము పోగొట్టుకొన్న నలుడు, అదృష్టమును లెక్కించుట నేర్చిన తరువాత దానిని తిరిగి గెలిచెను.

మన కాలమున ఆ అక్షహృదయమును శాస్త్రముగా నేర్పినవారిలో ఒక తెలుగువాడు అగ్రగణ్యుడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి. ఆర్. రావు అను పేర లోకప్రసిద్ధుడు, 1920లో పుట్టి ఆంధ్రవిశ్వవిద్యాలయమున చదివి, 2023లో నూటరెండేండ్ల వయస్సున కన్నుమూసెను. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఆయన పేర ఒక పరిశోధనసంస్థ కలదు. 1989లో వెలువడిన గ్రంథమున ఆయన చెప్పిన భావమిది: సందేహముతో కూడిన జ్ఞానము ఒంటరిగా పనికిరాదు, ఆ సందేహ మెంత యున్నదో కూడ తెలిసినచో అది ఉపయోగపడు జ్ఞానమగును. నాకు రెండు వికల్పములమధ్య సందేహము, మిగిలిన రెండు కావని నిశ్చయము అని చెప్పగల విద్యార్థి సరిగా ఆ స్థితిలో నున్నాడు. వాని చేతినుండి ఆ సగము జ్ఞానమును లాగికొని, ఖాళీ ఉంచుమనుట అన్యాయము.

న్యాయమను మాట వచ్చినది గనుక మరియొక సంగతి. కోత విధించిన పరీక్ష చదువుతోపాటు ధైర్యమును కూడ కొలుచుచున్నదని పరిశోధకులు కనుగొనిరి. కాథరిన్ కాఫ్‌మన్ అను ఆర్థికశాస్త్రవేత్త 2014లో ప్రకటించిన పరిశోధనలో, సమానముగా తెలిసియున్నను, కోత యున్నప్పుడు పురుషులకన్న స్త్రీలు ఎక్కువ ప్రశ్నలను విడిచిపెట్టుచున్నారని తేలెను. దక్షిణ అమెరికాలోని చిలీ దేశము తన ప్రవేశపరీక్షలలో కోతను ఎత్తివేసిన తరువాత ఆ తేడా చాల తగ్గినదని ఆమె సహపరిశోధకునితో కలిసి 2020లో చూపెను. అమెరికాలోని శాట్ అను ప్రవేశపరీక్ష 1926లో మొదలైనది. చాల కాలము నడచిన పావువంతు కోతను 2016లో తొలగించిరి. ఇవి చదివినప్పుడు నాకు మా అమ్మాయియే జ్ఞాపకమువచ్చినది. ఆమెకు భయమును నేర్పినది ప్రశ్నపత్రము కాదు. నేను.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఊహించి వైద్యుడైనవాడు రోగికి ఊహించి మందిచ్చునా, ఊహించి ఇంజనీరైనవాడు ఊహించి వంతెన కట్టునా యని పెద్దలడుగుదురు. మంచి ప్రశ్నయే. కాని మంచి వైద్యుడు చేయునదేమి? లక్షణములు చూచి, ఇది కాదు, అది కాదు అని తొలగించుచు, మిగిలినవానిలో ఎక్కువ సంభావ్యమైనదానిని పట్టుకొని, తన నిశ్చయమెంతో తాను తెలిసికొని యుండును. తెలిసినట్లు నటించుట దోషము. తెలిసినంత మేరకు తూచి నిర్ణయించుట దోషము కాదు. కిటికీగుండ చీటీ అందుకొనువాడు దొంగ. నియమపత్రము చదివి, ఆ నియమములోనే యోచించువాడు దొంగ కాడు. బిట్టుపరీక్ష విద్యలో అన్నిటిని కొలువజాలదను మాట నిజమే. ఆ లోపము పరీక్షది. దాని భారమును నియమము తెలియని బీదబిడ్డ ఒక్కతెయే మోయరాదు.

నగరపు కోచింగులలో ఈ లెక్క మొదటివారమే చెప్పుదురు. చెరువుక్రింది ఊళ్లలో మాత్రము ఇప్పటికిని కొందరు, తెలియనిది ముట్టకుమను పాతమాటయే చెప్పుచున్నారు. ఒకే పరీక్ష, ఒకే చదువు, చేతిలో రెండు వేరు నియమములు. అందుకే ఇప్పుడు నేను బిడ్డలకు మొదట నియమపత్రము చదివించుచున్నాను. కోత యున్నదా, యున్నచో ఎంత? తెలిసినవి ముందు ముగించుము. సందేహములకు గుర్తు పెట్టి రెండవమారు రమ్ము. కావని తెలిసినవానిని కొట్టివేయుము. కోత లేనిచో చివరి అయిదు నిమిషములలో ఒక్కటియు ఖాళీ ఉంచవద్దు. ఇంతే. ఆ అమ్మాయి తరువాత బి.ఇడి. చదివి పంతులమ్మ యైనది. కలిసినప్పుడు నేను నా తప్పు ఒప్పుకొంటిని. "పోనియ్యి సార్. ఇప్పుడు మా పిల్లలకు నేను జెప్తున్న గద" అన్నది. ఆ మాటలో నా శిక్షయు, నా క్షమాపణయు రెండును కలవు.

తుదకు చెరువు మాటతోనే ముగించెదను. పూర్వము తెలంగాణపు చెరువులక్రింద తాబీ పంటకు ముందు తైబందీ యను నొక ఏర్పాటుండెను. నీరటి చెరువులోని నీటిమట్టము చూచును. రైతులు కూడి, ఈ నీరు ఎన్ని యెకరములకు పారునో అంచనా వేసి, అంతమేరకే నాట్లు వేయుటకు నిశ్చయింతురు. రాబోవు వాన యెవరికిని తెలియదు. తెలియదని పొలమంతయు బీడు పెట్టినవాడు లేడు. తెలియకున్నను ఆయకట్టంతయు నాటి ఎండబెట్టుకొన్నవానిని ఊరు మెచ్చలేదు. ఉన్న నీరు కొలిచి, లేని వానను లెక్కకట్టి, నడుమ ఒక గీత గీసిరి. తన చదువును అట్లు కొలుచుకొని, నియమము తెలిసికొని, నడుమ గీత గీసికొన్న బిడ్డ ఊహ నింద్యము కాదు. ఆమె తాతలు కట్టమీద నిలిచి చేసిన పనియే అది.